ప్రేమ విందులో మొదటి బంతి ఎవరిది?

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లె. ఈ క్రిస్మస్ ప్రేమ విందు (ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే భోజనం) బాధ్యతను చర్చి సంఘం మా యువకులకు అప్పగించింది. దాదాపు 400 మంది వస్తారు. నిరుడు కూర చాలక గొడవ అయింది. పిలిచిన ఊరివాళ్ళలో కొందరు తినకుండానే వెళ్ళిపోయారు. పెద్దలకు వేరే గదిలో వేరే వంటలు వడ్డించారని ఇప్పటికీ అనుకుంటున్నారు. ఈసారి ఎలా చేయాలి? భోజనానికి ముందు కృతజ్ఞత ప్రార్థన, దాతల సన్మానం ఎంతసేపు పెట్టుకోవాలి?

జవాబు:

బాబూ, మీకు, మీ జట్టుకు వందనాలు. నేను చీరాల పక్క పల్లెలో పుట్టినదాన్ని. ముప్పై ఏళ్ళకు పైగా పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. మా చర్చి స్త్రీల సమాజం తరఫున ఇరవై ఆరు క్రిస్మస్‌లకు, ఇంచుమించు అన్ని కోత పండుగలకు పొయ్యి దగ్గర నిలబడ్డాను. కాబట్టి గరిటె చేతిలో ఉన్న మనిషి మాటలుగానే వీటిని తీసుకోండి.

మీరు మూడు ఇబ్బందులు రాశారు. కూర చాలకపోవడం లెక్కలో పొరపాటు, దాని సంగతి కింద చెబుతాను. ఊరివాళ్ళు తినకుండా వెళ్ళడానికి కారణాలు వేరు, అవీ చెబుతాను. ఆ వేరే గది మాత్రం లెక్కతో తీరేది కాదు. దాన్ని అలాగే ఉంచి మిగతావన్నీ ఎంత బాగా చేసినా వచ్చే ఏడాది మళ్ళీ ఇదే ప్రశ్న రాస్తారు.

మా దగ్గర కూడా అలాంటి గది ఒకటి ఉండేది. చర్చి వెనక సామాను పెట్టుకునే గది. పండుగనాడు సామాను బయట పెట్టి, బల్లలు వేసి, తెల్ల దుప్పటి పరిచేవారు. కమిటీ పెద్దలు, ఊళ్ళోంచి వచ్చిన మోతుబరులు, పట్నం నుంచి వచ్చిన అతిథులు అక్కడ కూర్చునేవారు. బయట అందరికీ పలావు, కోడి కూర. లోపల వాటితోపాటు వేటమాంసం వేపుడు, చేప పులుసు. ఆ వేపుడు గిన్నె లోపలికి మోసుకెళ్ళే పని నాదే. పదేళ్ళు మోశాను, ఒక్కసారి కూడా తప్పనిపించలేదు. అతిథి మర్యాద అనుకునేదాన్ని.

ఒక ఏడాది ఆ గిన్నెతో కుళాయి పక్కగా వెళుతున్నాను. అక్కడ ఒకావిడ గుండిగలు తోముతూ ఉంది. తెల్లవారుజామున మూడింటికి వచ్చి బియ్యం కడిగిన మనిషి. పక్కన గట్టు మీద ఆవిడ విస్తరి. అందులో అన్నం, సాంబారు, ఒక బంగాళదుంప ముక్క. కూర అప్పటికే అయిపోయింది. ఆవిడ తలెత్తి నా చేతిలో గిన్నె చూసి, కోపమేమీ లేకుండా అంది: "పంతులమ్మగారూ, మూత సరిగ్గా పెట్టుకోండి, వాసన బయటికి వస్తోంది."

అంతే అంది. ఆ తర్వాత ఆ గదిలో మళ్ళీ భోజనాలు పెట్టలేదు. ఇలా ఒక్క వాక్యంలో రాసినంత తేలికగా మాత్రం జరగలేదు. రెండు కమిటీ సమావేశాలు, ఒక పెద్దాయన అలక, నా మీద ఒక ఫిర్యాదు కూడా ఉన్నాయి.

మీ పెద్దలతో మాట్లాడేటప్పుడు బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక (అంటే ఉత్తరం) పదకొండో అధ్యాయం తెరవండి. ప్రభురాత్రి భోజన సంస్కారం నాడు మనం చదివే భాగం 23వ వచనంతో మొదలవుతుంది. దానికి ముందున్న వచనాలు గట్టిగా చదివేవారు తక్కువ. అక్కడ పౌలు తిట్టింది భోజనాల గురించే. ఉన్నవాళ్ళు ముందే వచ్చి తమ మట్టుకు తాము తినేస్తున్నారు, లేనివాళ్ళు వచ్చేసరికి ఆకలి మిగులుతోంది. దానికి ఆయన చెప్పిన మందు కూడా చిన్నదే: "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి." ప్రేమ విందు అనే మాట బైబిల్లోనే యూదా రాసిన పత్రికలో ఉంది. అక్కడ కూడా అది మెచ్చుకోలుగా రాలేదు. ప్రేమవిందుల్లో తమ పొట్ట మాత్రమే చూసుకునేవాళ్ళను మందలిస్తూ వచ్చింది. మొదటి శతాబ్దం నుంచి నడుస్తున్న తగాదా ఇది, మీ పల్లెలో కొత్తగా పుట్టలేదు. పెద్దల ముందు ఆ ముక్క కూడా అనండి, వాళ్ళకు కాస్త ముఖం నిలబడుతుంది.

మా దగ్గర పనిచేసిన ఉపాయం ఇది. గది వద్దని వాదించడం మానేసి, పెద్దలకు పని అప్పగించాం. పాస్టరు అయ్యగారిని పలావు వడ్డించమని అడిగాం. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మొదటి బంతికి గరిటె పట్టారు. ఆయన నిలబడ్డాక కమిటీ పెద్దలు లోపల కూర్చోలేకపోయారు. ఒకరు పెరుగు చట్నీ, ఒకరు నీళ్ళు పట్టుకున్నారు. యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ఐదు రొట్టెల కథ చూడండి. యేసు కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, కూర్చున్నవారికి "వడ్డించెను" అని ఉంటుంది మన తెలుగు బైబిల్లో. ఆ మాట చూపించాక ఏ పెద్దా గరిటె పట్టడం చిన్నతనం అనలేదు.

బంతులు ఇలా వేసుకోండి. 400 మంది అంటే 200 చొప్పున రెండు బంతులు. బఫే వద్దని నా గట్టి అభిప్రాయం. నిలబడి తినడంలో తప్పు లేదు గానీ, బఫేలో బలమున్నవాడు ముందుంటాడు, ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు వెనకబడతారు. మొదటి బంతిలో పిల్లలు, వృద్ధులు, ఊరి నుంచి వచ్చిన అతిథులు, దూరం వెళ్ళాల్సినవాళ్ళు, పడుచువాళ్ళలో కొందరు కూర్చుంటారు. పెద్దలు, మిగతా యువకులు వడ్డిస్తారు. రెండో బంతిలో పెద్దలు, వడ్డించిన యువకులు, పాస్టరుగారి కుటుంబం, పాటల బృందం, వంటవాళ్ళు, గిన్నెలు తోమినవాళ్ళు ఒకే వరసలో కూర్చుంటారు. అప్పుడు వడ్డించేది మొదటి బంతిలో తిని లేచిన పడుచువాళ్ళు. గిన్నెలు తోమడం ఆ అరగంట ఆగుతుంది, ఆగనివ్వండి.

వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఫరవాలేదని మనవాళ్ళు అంటారు. సామెతకు నవ్వుకుంటాం గానీ, వడ్డించేవాడు మనవాడు కానివాడికి కడపటి బంతిలో ఏం దక్కుతుందో కూడా అందులోనే ఉంది. అందుకే మేము ఒక పని చేస్తాం. వడ్డన మొదలవక ముందే, కూర దించగానే, రెండో బంతికి సరిపడా ముక్కలు, పలావు వేరే డేగిసాల్లోకి తీసి మూతలు గుడ్డతో కట్టేస్తాం. ఆ డేగిసాలు మొదటి బంతివాళ్ళకు కనిపించకూడదు. మిగిలితే పెడదామనుకుంటే ఎప్పటికీ మిగలదు. నిరుడు మీ కూర చాలకపోవడానికి కారణం వండిన కొలత కంటే ఇదే అయి ఉంటుందని నా అనుమానం. మొదటి బంతిలో ఒక్కో విస్తరిలో ఐదేసి ముక్కలు పడితే ఎంత వండినా అంతే.

ఇక కొలతలు. మూడో వంతు పిల్లలనుకుంటే 400 మందికి పలావుకు 45 కిలోల బియ్యం, శుభ్రం చేశాక 60 కిలోలు తూగే కోడి మాంసం, తెల్లన్నానికి 12 కిలోలు, పెరుగు 30 కిలోలు మాకు సరిపోతాయి. వీటికి తోడు కట్టు విప్పని ఒక 25 కిలోల బస్తా, నీళ్ళు మరుగుతున్న ఒక గంగాళం సిద్ధంగా ఉంచుకోండి. జనం పెరిగితే ముప్పావు గంటలో అన్నం వార్చవచ్చు. పెరగకపోతే బస్తా దుకాణానికి తిరిగి వెళుతుంది, ఆ మాట కొట్టువాడితో ముందే అనుకోండి. కూర మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో దిగేలా చూసుకోండి. పొద్దున ఏడింటికే వండి మూతపెట్టిన కోడి కూరను రెండింటికి వడ్డించే సాహసం చేయకండి. తెల్లవారుజామున పాటలతో ఇల్లిల్లూ తిరిగిన పిల్లలకు ఆరాధన మధ్యలో అరటిపండు, బన్ను ఇవ్వండి. ఆకలితో ఉన్న పిల్లలను పెట్టుకుని ఏ విందూ సవ్యంగా సాగదు.

ఊరివాళ్ళ సంగతికి వస్తాను. తినకుండా వెళ్ళిన ప్రతివాళ్ళూ మనల్ని చిన్నచూపు చూసి వెళ్ళారని అనుకోకండి. కొందరి మనసులో అది ఉంటుంది, లేదని నేను అబద్ధం చెప్పను. మన పల్లెలో నీళ్ళు ఊరివాళ్ళు ముట్టని రోజులు మా అమ్మ చూసింది. అయితే క్రిస్మస్ పడేది ధనుర్మాసంలో. చాలామంది అయ్యప్ప మాల వేసుకుని ఉంటారు, కొందరు సంక్రాంతి దాకా తీయరు. కొన్ని ఇళ్ళలో ఆ నెలంతా మాంసం వండరు. అలాంటివారిని పలావు గుండిగ పక్కన కూర్చోబెట్టి "ముక్కలు తీసేసి పెడతాం, తినండి" అనడం మర్యాద కాదు. శాకాహారం వేరే పొయ్యి మీద, వేరే గరిటెలతో, మాంసం పొయ్యి వెలిగించక ముందే వండించండి. వడ్డించేవారు కూడా వేరే ఉండాలి. ఎవరు ఎక్కడ వండారో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మాల వేసుకున్నవారు బయట తినరు కాబట్టి వారికి పళ్ళు, కొబ్బరిబోండాం చాలు. ముస్లిం ఇళ్ళను కూడా పిలుస్తుంటే కోళ్ళను హలాల్ చేసే దుకాణంలోనే కొనండి. ఖర్చులో తేడా రాదు.

ఇంకో మాట చెబితే మీ సంఘంలో కొందరికి రుచించకపోవచ్చు. ప్రార్థన చేసిన అన్నమని వెనకాడేవాళ్ళు ఉంటారు. వాళ్ళ గుడి ప్రసాదం మన చేతిలో పెడితే మనలో ఎంతమంది తింటారు? నేను తినను. చేతిలో పెట్టినవారిని నొప్పించకుండా తప్పుకుంటాను. కాబట్టి వాళ్ళు మన పలావు దగ్గర తప్పుకుంటే నొచ్చుకునే హక్కు నాకు లేదు. వచ్చి, కుర్చీలో కూర్చుని, పది నిమిషాలు పలకరించి వెళ్ళినా వాళ్ళు విందుకు వచ్చినట్టే. మా పక్కింటి పెద్దమ్మ మా ఇంట్లో ఎప్పుడూ అన్నం తినలేదు. కానీ క్రిస్మస్‌కు నేను పంపే అరిసెల పళ్ళేన్ని ఖాళీగా ఎన్నడూ తిప్పి పంపలేదు. ఒకసారి పంచదార, ఒకసారి పెరట్లో కోసిన నాలుగు ములక్కాడలు ఉండేవి. సంక్రాంతికి వాళ్ళింట్లో వండిన అరిసెలు మా ఇంటికి వచ్చేవి. మా అరిసెల కంటే బాగుండేవి, ఒప్పుకోవాలి.

పిలిచినవాళ్ళకు అన్నం ముందు ప్రసంగం పెట్టకండి. ఇది పాస్టరుగారితో ముందే మాట్లాడుకోవలసిన విషయం. ఆరాధనలో వాక్యం వింటారు, అది వాళ్ళు తెలిసి వచ్చినది. పందిట్లో విస్తరి ముందు కూర్చోబెట్టి ముప్పావు గంట మాట్లాడితే మాత్రం అన్నాన్ని ఎరగా వేసినట్టు ఉంటుంది. ఈ విషయంలో మన ప్రాంతపు చరిత్రే మనకు పాఠం చెప్పింది. 1876–78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకున్నాడు. వేలమందికి అక్కడ కూలి దొరికింది, ఆ కూలితో అన్నం దొరికింది. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా అడుగుతున్నా ఆయన కరవు సాయం నడిచినంతకాలం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆగాడు. సాయం పనులు ముగిశాకే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. అంతటి కరవులో ఆయన అన్నాన్నీ బాప్తిస్మాన్నీ కలపలేదు. పలావు చల్లారిపోతుంటే మనం కలపడం ఎందుకు?

కృతజ్ఞత ప్రార్థన రెండు నిమిషాలు చాలు. దమ్ము తీశాక ఆవిరి లేస్తున్న గుండిగల ముందు ఇరవై నిమిషాలు ప్రార్థించే పెద్దలు మాకూ ఉన్నారు. ఆ ప్రార్థనలో సంఘం చరిత్ర, దేశం క్షేమం, పోయిన ఏడాది చనిపోయినవాళ్ళ పేర్లు అన్నీ వస్తాయి. అవన్నీ ఆరాధనలో పెట్టుకోండి. విస్తరి ముందు ప్రార్థన బడి పిల్లల్లో ఎవరితోనైనా చేయించండి, పొడుగు వాటంతట అదే తగ్గుతుంది.

దాతల సన్మానం గురించి అడిగారు. మైకులో పేర్లు వద్దు. శాలువాలు అసలే వద్దు. బియ్యం బస్తా ఇచ్చినాయన పేరు చదివితే, గిద్దెడు నూనె తెచ్చిన అవ్వ పేరు కూడా చదవాలి. చదవరు కదా. అందరి పేర్లూ ఒక కాగితం మీద, మొత్తాలు లేకుండా, వరస లేకుండా రాసి చర్చి తలుపు దగ్గర అంటించండి. ఇవ్వలేనివాళ్ళు పనిచేసి ఉంటే వారి పేర్లూ అందులోనే కలపండి. లెక్కల పుస్తకం వేరు, అది పైసాతో సహా కమిటీ ముందు పెట్టాల్సిందే.

మా స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం తీసే అలవాటు ఉంది. రోజూ అన్నం వండేటప్పుడు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు, నెలకోసారి చర్చికి తెస్తారు. డిసెంబరు నాటికి మంచి మూటే అవుతుంది. చిక్కేమిటంటే అందులో ఒకరిది సోనామసూరి, ఒకరిది రేషను బియ్యం, ఒకరిది కొత్త ధాన్యం ఆడించినవి. పలావుకు వేస్తే ఒక గింజ మెత్తగా, ఒక గింజ పలుకుగా తయారవుతుంది. మా వంట మాస్టరు మొదటి ఏడాది దాన్ని చూసి నెత్తి కొట్టుకున్నాడు. ఇప్పుడు దాన్ని పరమాన్నానికి వాడతాం. బెల్లం వేయక ముందు బాగా ఉడకనిస్తాం కాబట్టి ఏ బియ్యం ఎవరిదో తెలియదు. విస్తరిలో మొదట వడ్డించేది అదే. అప్పుడు మాత్రం మైకులో ఒక మాట చెబుతాం, ఇది అందరి ఇళ్ళ బియ్యమని.

వంటవాళ్ళకు మీరు చూపించే కృతజ్ఞత డబ్బుతో మొదలవ్వాలి. మాట్లాడుకున్న కూలి వాళ్ళు అడగకముందే, భోజనానికి కూర్చోకముందే ఇచ్చేయండి. "కానుకలు లెక్కపెట్టాక ఇస్తాం" అని సాయంత్రం దాకా వంటవాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టిన సంఘాన్ని నేను చూశాను. ఆ రోజు ఆరాధనలో ధన్యవాదాలు ఎన్నిసార్లు చెప్పుకున్నారో నాకు తెలియదు, అరుగు మీద ఉన్నవాళ్ళకు మాత్రం ఒక్కటీ వినపడలేదు. బట్టలు పెట్టాలనుకుంటే కూలి ఇచ్చాక పెట్టండి. కూలికి బదులుగా పెట్టకండి.

రాలేనివాళ్ళకు పంపే భోజనం గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో పండుగనాడు ఏమీ సిద్ధం చేసుకోలేనివారికి "వంతులు పంపించుడి" అని ఉంది. మంచాన పడ్డవాళ్ళు, బాలింతలు, రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాళ్ళు, చర్చితో గొడవపడి రావడం మానేసినవాళ్ళు, అందరికీ పంపండి. వీళ్ళ వంతులు మొదటి బంతి కంటే ముందే కట్టి పక్కన పెట్టాలి. అయితే ప్లాస్టిక్ సంచి గడపలో పెట్టి వచ్చేయకండి. డోర్నకల్ బిషప్ అజరయ్యగారి మాట ఒకటి ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఆయన బిషప్ కావడానికి రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభలో తెల్లదొరల ముందు నిలబడి చెప్పారు: మీరు బీదలకు మీ ఆస్తిని పెట్టారు, మీ శరీరాలను అర్పించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి. అన్నీ పెట్టినవాళ్ళతో అన్నారు ఆ మాట. అన్నం పట్టుకెళ్ళే పిల్లలకు నేనిచ్చే సూచన ఒకటే. ఇద్దరిద్దరుగా వెళ్ళండి, మీ విస్తరి కూడా పట్టుకెళ్ళండి, ఆ ఇంట్లో కూర్చుని వాళ్ళతో తిని రండి. మొదటి ఏడాది పిల్లలు గొణిగారు. ఇప్పుడు ఒక అవ్వ ఇంటికి వెళ్ళడానికి పోటీ పడుతున్నారు, ఆవిడ ఎండుచేపల వేపుడు దాచి పెడుతుందని.

మిగిలిన అన్నం మూడింటికల్లా పంచేయండి, చల్లారాక పొట్లాలు కట్టి రాత్రికి దాచకండి. విస్తరాకులు వేయడానికి గొయ్యి ముందురోజే తవ్వించండి. నీళ్ళ డ్రమ్ములు రెండు చాలవు, నాలుగు పెట్టండి, ఒకటి చేతులు కడుక్కునే చోట.

గోంగూర పచ్చడి మాత్రం వంట మాస్టరుకు వదలకండి. వాళ్ళు పులుపు చంపేస్తారు. మీ స్త్రీల సమాజం వాళ్ళను ఇప్పుడే అడిగి పెట్టుకోండి. 23న ఆకు గిల్లి, ఆరబెట్టి, వేయించి ఉంచితే 24 రాత్రి నక్షత్రం కట్టే వేళకు నూరడం మొదలుపెడతారు. ఎండుమిర్చి రెండు కిలోలు మీ జట్టు లెక్కలో రాసుకోండి.